పంపు స్టవ్వు దీపమైన విధము

పనికిరాక మూలబడిన వస్తువులను పాతసామానుల వానికి తూకమునకు ఇచ్చివేయుట లోకమున పరిపాటి. అట్లు ఇచ్చివేయుటకు మనసొప్పని వస్తువు ప్రతి కుటుంబమునందును ఒకటి యుండును. మా యింట అట్టిది మా తల్లిగారి ఇత్తడి పంపు స్టవ్వు. మస్కట్టు నగరమున, బోడికొండల నడుమనున్న రూవియందు మేము నివసించుచున్నాము. ఆమె మాతో నుండుటకు వచ్చినపుడు, తొట్టిని ఖాళీచేసి పలుమార్లు కడిగి యెండబెట్టి, ఆ స్టవ్వును వెంట తెచ్చుకొనెను.

ఈ జాతి స్టవ్వును స్వీడను దేశీయుడగు లిండ్‌క్విస్టు 1892లో రూపొందించెను. దీనికి వత్తి లేదు. పంపుతో గాలి యెక్కించినచో కిరసనాయిలు పైకి ప్రాకి, కాగిన బర్నరులో ఆవిరియై, సన్నని రంధ్రమున వెలువడి నీలిమంటగా మండును. మన పెండ్లి ఊరేగింపులలో వెలిగిన పెట్రోమాక్సు లైటును ఇదే సూత్రముపై పనిచేయును. అందు మంటవేడికి మాంటిలు తెల్లగా ప్రకాశించును. కావున స్టవ్వు దీపమగుట దాని వంశమునకు విరుద్ధము కాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999లో ‘దీపం’ పథకము క్రింద పేద స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఒసగినది. మా యింటను అపుడే స్టవ్వు అటక యెక్కినది. దీపము పేర మూలబడినది నేడు దీపమై వెలుగుట వింతయే. అంతకు పూర్వము మా తల్లిగారు వేకువనే దానిపై ఇడ్లీలు వండి అమ్మి మా చదువులు గడిపిరి. దానిని మెరుగుపెట్టి అలంకారముగా నిలుపుదుమని మేమనగా ఆమె, “నా కష్టం మీకు సొగసుగా కనబడుతోందా నాయనా?” అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనది. కొన్ని మాసములు ఆ ప్రసంగమే లేదు. పిదప ఆమెయే రెండు నియమములతో సమ్మతించిరి: తొట్టికి రంధ్రము వేయరాదు, సొట్టను సరిచేయరాదు.

అట్లే చింతపండుతో తోమి, బర్నరును విప్పి భద్రపరచి, ఆ చోట బల్బు హోల్డరు నిలిపి, తీగను ఒక కాలివెంట దింపితిమి. ఇచ్చటి విద్యుత్తు 240 వోల్టులు, వస్తువు లోహముది. కనుక ఎలక్ట్రీషియనుచేత మూడు తీగల వైరు వేయించి, ఎర్తును ఇత్తడికి బిగింపించితిమి. అయిదు వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చాలినది. కోరినచో ఒక్క పూటలో అది మరల స్టవ్వు కాగలదు.

దానిని అతిథుల గదిలో గాక పిల్లలు చదువుకొను బల్లపై నుంచితిమి. మత్రా బజారులో ఎంతకు కొంటిరని యడుగువారికి పిల్లలే ఇడ్లీల కథ చెప్పుదురు. దేవుని యెదుట మాత్రము మా తల్లిగారు నూనెవత్తినే వెలిగింతురు.

తోటలలో నివసించు మన చదువరుల అటకలపైనను ఇట్టి స్టవ్వులు, లాంతరులు ఉండవచ్చును. వానిని అలంకారము చేయదలచువారు, వానితో శ్రమించిన చేతుల సమ్మతిని ముందుగా పొందవలెనని మా మనవి.