పదిహేను వేలకి ఏ సైకిలు?

ఆఫీసు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు సైకిలు కొనాలన్న ఆలోచన రాక మానదు. బడ్జెట్ పదిహేను వేలనుకుందాం. షాపులో ముందుగా కళ్ళలో పడేది ముందూ వెనకా షాకబ్జర్లు, డిస్క్ బ్రేకులు, 21 గేర్లు ఉన్న లావు టైర్ల బండి. పక్కనే, అదే ధరకి, ఏ హంగూ లేని సైకిలొకటి బిక్కమొహం వేసుకుని ఉంటుంది. మన చెయ్యి ఎటు పోతుందో చెప్పాలా? ఫీచర్ల లిస్టు చూసి ఫోను కొనే జాతి కదా మనది :)

ధర ఒకటే అయినప్పుడు ఆ షాకబ్జర్లకి డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? బేరింగుల్లోంచి, రిమ్ముల్లోంచి, బ్రేకుల్లోంచి. కనిపించని చోట కోసి, కనిపించే చోట అతికిస్తారు. పైగా చవక షాకబ్జర్ అంటే లోపల ఓ స్ప్రింగు, అంతే. బరువు పెంచుతుంది, లేచి తొక్కినప్పుడల్లా మన బలంలో కొంత తినేస్తుంది. ఇక 21 గేర్లంటే ముందు 3, వెనక 7. ఆ 21లో చాలావరకు ఒకదానికొకటి దగ్గర దగ్గరగానే ఉంటాయి.

కాబట్టి ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకోండి. కాకినాడలాంటి చదును ఊరైతే అసలు గేర్లే అక్కర్లేదు. పాలవాళ్ళు తొక్కే నల్ల సైకిలు బరువే కానీ క్యారియరు, మడ్‌గార్డులు, స్టాండు అన్నీ దానితోనే వస్తాయి, ఏ పంచరు షాపువాడైనా బాగుచేస్తాడు. విశాఖలోనో, జూబ్లీహిల్స్ వైపో ఎత్తులెక్కాలంటే గేర్లు కావాలి, వెనక 7 చాలు. అక్కడికి షాకబ్జర్ లేని హైబ్రిడ్ నయం. సన్న టైర్ల రోడ్ బైకు మన గుంతల్లో పంచర్లు తెచ్చిపెడుతుంది, ఈ బడ్జెట్‌లో మంచిది రాదు కూడా.

అసలు సంగతి ఇంకోటి ఉంది. పదిహేను వేలూ సైకిలుకే పెట్టకండి. పన్నెండు దానికి, మిగతా మూడు హెల్మెట్, తాళం, లైట్లు, పంపుకి. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలే ఏడెనిమిది వందల్లో రెండు లైట్లు వస్తాయి. హైదరాబాదులో 2023లో ఔటర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. ఆదివారం షికారుకి బ్రహ్మాండం! కానీ సోమవారం ఆఫీసు దారిలో మన పక్కన నడిచేవి బస్సులూ, వాటర్ ట్యాంకర్లూ. రాత్రి తొమ్మిదింటికి మనల్ని ఇంటికి చేర్చేది వెనకున్న ఎర్ర లైటూ, సరిగ్గా పడే బ్రేకులూనే.

నమ్మకం కుదరకపోతే మీ అపార్ట్‌మెంటు సెల్లార్లోకి ఓసారి వెళ్ళి చూడండి. దుమ్ము కొట్టుకుపోయి, గాలి లేకుండా పడున్నవాటిలో షాకబ్జర్లున్నవి ఎన్నో లెక్కపెట్టండి. వాటి మధ్య మామూలు సైకిలేదైనా కనిపిస్తే ఎవరిదో వాచ్‌మన్‌ని అడగండి. పదిహేను వేలు కూడా అక్కర్లేకపోవచ్చు.