గండే కందకం

పులివెందుల నుంచి తొండూరు, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట. వేసవిలో వెళ్లాలనుకునేవారు పొద్దెక్కకముందే చేరుకోవడం మంచిది. తర్వాత బండమీద కాలు పెట్టలేరు.

1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్లు కోట కట్టాలంటే ముందు కందకం తవ్వేవారు. ఆ మట్టినే దిబ్బగా పోసి, పైన కొయ్య బురుజు నిలిపేవారు. గండికోటలో ఒకవైపు ఆ శ్రమ తప్పింది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారే పెన్నే కందకమైంది. 1123లో కాకరాజు ఇక్కడ మొదట కట్టించింది ఇసుక కోటేననీ, రాతిగోడలు ఆ తర్వాత పెమ్మసాని నాయకులు కట్టించినవనీ చెబుతారు.

ఇంతటి కోటా గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు లొంగక తప్పలేదు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆయన్ని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాడు. మీర్ జుమ్లా చూడనిదే గోల్కొండ సుల్తాను నగలు కొనడు మరి! కొండదారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే ఉందనీ, పక్కనే భయంకరమైన లోయనీ రాసుకున్నాడు. ఫిరంగులు పోతపోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించారనీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకీ కరగలేదనీ కూడా రాశాడు. మహిమో, కొలిమి లోపమో చదివేవారే తేల్చుకోవాలి.

మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ధాన్యాగారాన్ని చాలామంది బయటి నుంచి చూసి వెళ్లిపోతారు. లోపలికి వెళ్లి తలెత్తి చూడాల్సింది ఆ కమాను కప్పునే. ముట్టడి నెలల తరబడి సాగితే ప్రాణాలు నిలిపేది ఫిరంగి కాదు, గింజలే కదా.

ఈ కోటలో ఇప్పటికీ ఊరుంది. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం కూడదని 2010 నాటి చట్ట సవరణ చెబుతోంది. పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి కావాలి. రాళ్లు ఊడిపోకుండా ఆ కట్టుబాటు అవసరమే. కానీ వానకు కారే కప్పు కింద పిల్లలతో ఉండేవారికి ఆ వంద మీటర్లు చాలా పెద్ద దూరం.

పెన్న మీద కట్టిన గండికోట జలాశయం నిండాక 2020లో తాళ్లప్రొద్దుటూరు వాసులు ఊరు వదలాల్సి వచ్చింది. కోటకు కాపు కాసిన నీరే అక్కడ ఇళ్లలోకి వచ్చింది.

లోయ అంచున చాలాచోట్ల అడ్డుకంచె లేదు. పిల్లల చెయ్యి వదలకండి.