ఇసుక సముద్రంలో పసుపు గాజు

ఎటు చూసినా ఇసుకే. నూరు మీటర్ల ఎత్తున లేచిన తిన్నెలు ఉత్తరం నుంచి దక్షిణానికి బారులు తీరి ఉంటాయి. తిన్నెకూ తిన్నెకూ మధ్య వెడల్పాటి వీధిలా చదునైన నేల. అక్కడ ఎండ పడి ఏదో తళుక్కుమంటుంది. వంగి చేతిలోకి తీసుకుంటే... ఎవరో పారేసిన గోలీసోడా సీసా ముక్కేమో అనిపిస్తుంది! కానీ దాని వయసు దాదాపు 2.9 కోట్ల ఏళ్లు.

ఈజిప్టుకు పడమటి కొసన, లిబియా సరిహద్దు దగ్గర ఉన్న 'గ్రేట్ శాండ్ సీ' ఇది. ఊరు లేదు, చెట్టు లేదు, చుక్క నీరు దొరకదు. సైన్యం అనుమతి తీసుకుని, నీళ్లూ డీజిలూ వెంట వేసుకుని, రోజుల తరబడి జీపుల్లో పోవాలి.

1932లో పటాలు గీసే పని మీద వచ్చిన సర్వేయర్ పాట్రిక్ క్లేటన్ కంట ఈ గాజు పడింది. రెండేళ్లకు బ్రిటిష్ మ్యూజియం నుంచి లియొనార్డ్ స్పెన్సర్ ఆయన వెంట వచ్చి పరిశీలించాడు. అందులో దాదాపు 98 శాతం సిలికాయే. అంత స్వచ్ఛమైన ఇసుక కరగాలంటే 1,600 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. అగ్నిపర్వతం లావాకు కూడా అంత వేడి ఉండదు. కాబట్టి ఇది పైనుంచి వచ్చిన వేడే! కొన్ని ముక్కల్లోని ముదురు గోధుమరంగు చారల్లో ఉల్క తాలూకు పదార్థం కూడా దొరికింది.

మరి ఉల్క పడితే గొయ్యి ఏది? అదే దొరకలేదు. ఉల్క నేలను తాకకుండా గాల్లోనే పేలిపోయి, ఆ వేడికి ఇసుక కరిగిందని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. 2019లో వెలువడిన పరిశోధన ఆ వాదాన్ని కాదంది. గాజులో చిక్కుకున్న సన్నని జిర్కాన్ రేణువుల్లో, నేలను ఢీకొంటే తప్ప పుట్టని ఒత్తిడి ఆనవాళ్లు కనిపించాయి. అంటే గొయ్యి పడి ఉండాల్సిందే. అది కోట్ల ఏళ్ల గాలికి అరిగిపోయిందా, ఇసుక కింద ఉందా అన్నదే తేలాలి.

ఈ ముక్కలను ఏరుకుపోవడం ఇవాళ్టిది కాదు. రాతియుగం మనుషులు వీటితో పదునైన పనిముట్లు చేసుకున్నారు. టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన పతకం మధ్యలో లేతపసుపు పేడపురుగు ఉంది. సమాధిని వెలికితీసిన హొవార్డ్ కార్టర్ దాన్ని మామూలు రంగురాయి అనుకున్నాడు. ఎడారి గాజేనని 1990ల్లో ఇటలీ ఖనిజ శాస్త్రవేత్త విన్సెంజో డి మికేలే పరీక్షించి తేల్చాడు. వందల కిలోమీటర్ల నీళ్లులేని దారి దాటి అది నైలు ఒడ్డుకు ఎలా చేరిందో!

ఒకప్పుడు ఇక్కడ 26 కిలోల ముక్క కూడా దొరికింది. ఇప్పుడు గుప్పెట్లో పట్టేవి ఇంటర్నెట్‌లో అమ్మకానికి కనిపిస్తాయి. గాజు ఎక్కడ దట్టంగా ఉంది, ఎక్కడ పలచబడింది అన్నది గొయ్యిని వెదికేవారికి ఒక ఆధారం. అమ్మకానికొచ్చిన ముక్క ఏ తిన్నెల మధ్య దొరికిందో మాత్రం కొన్నవారికీ తెలియదు.