మైత్రీ వంతెన మీద సంచులు

హైదరాబాదు నుంచి రక్సౌల్‌కి నేరుగా రైలుంది. పశుపతినాథుణ్ణి చూడబోయే మనవాళ్ళు కొందరు ఇక్కడే దిగి, సరిహద్దు దాటి సాగిపోతారు. నాకు మాత్రం ఆ సరిహద్దు బజారే చూడాలనిపించింది.

ఇటు బీహార్‌లో రక్సౌల్, అటు నేపాల్‌లో బీర్‌గంజ్. మధ్యన సిర్సియా అనే చిన్న నది, దానిపై మైత్రీ వంతెన. మనకూ నేపాలీలకూ వీసా పనిలేదు. పొద్దున్నే అటునుంచి ఆడవాళ్ళు ఖాళీ సంచులతో వస్తారు. ఇటునుంచి కుర్రాళ్ళు ఖాళీ ట్యాంకుల బైకులతో వెళ్తారు.

బైకుల సంగతి ముందు చెప్పాలి. బీర్‌గంజ్‌లో పెట్రోలు చవకగా ఉన్న రోజుల్లో సాగే వ్యవహారం ఇది. ఆ పెట్రోలు మన దేశం నుంచి వెళ్ళేదే! 2019 నుంచి మన వైపున్న మోతీహారీ నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో ఇంధనం పోతోంది. ధర తేడా చాలావరకు పన్నుల్లోనే. సరిహద్దులో నేపాల్‌కు సరుకులు ఆగిపోయిన 2015 దిగ్బంధం రోజుల్లో ఇదంతా తలకిందులు: అప్పుడు సీసాల్లో, డబ్బాల్లో ఇటునుంచే అటు మోశారు.

రక్సౌల్ బజారులో చీరలు, గాజులు, చక్కెర, మసాలాలు, పిల్లల బట్టలు. ధర చెప్పగానే కొనేవాళ్ళు అడిగేది ఒకటే: ‘ఐసీయా, ఎన్‌సీయా?’ అంటే మన రూపాయా, నేపాలీ రూపాయా అని. మన వంద వాళ్ళ నూట అరవై. 1993 నుంచి ఈ లెక్క మారలేదు. చదువురాని ముసలమ్మ కూడా వేళ్ళ మీద చెప్పేస్తుంది.

చిక్కంతా తిరుగుదారిలో. వంద నేపాలీ రూపాయలు దాటిన సరుకుకు అటువైపు భన్సార్‌లో, అంటే కస్టమ్స్‌లో, సుంకం కట్టాలన్నది నిబంధన. మన డబ్బులో అది అరవై రెండున్నర. కిలో పప్పుకే చాలదు! చూసీచూడనట్టు వదిలే రోజులున్నాయి, సంచి విప్పించే రోజులూ ఉన్నాయి. నా ఎదుటే ఒకావిడ కుక్కర్ పెట్టె చంకన పెట్టుకుని పోలీసుతో వాదించింది. తర్వాత నాతో, ‘నా కూతుర్ని రక్సౌల్‌లోనే ఇచ్చాను బాబూ. దాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు ఇంటికింత కొనుక్కోకూడదా?’ అంది. ఆమె దొంగసరుకు మోస్తోందని నేను ఒప్పుకోను. ఆ కుటుంబాలకు ఇది రెండు దేశాలుగా చీలిన ఒకే అంగడి.

బీర్‌గంజ్ వ్యాపారుల బాధ కూడా న్యాయమైనదే. సుంకం కట్టి సరుకు తెచ్చి, అద్దె కట్టి కొట్టు నడిపేవాడి ముందునుంచే కొనేవాళ్ళు వంతెన దాటిపోతుంటే కడుపు మండదా? కానీ ఆ కొట్టును ముంచేది కుక్కర్ కొన్న తల్లి కాదు. సుంకం ఎగ్గొట్టి టోకుగా దాటించే సరుకు. ఇంటి సరుకులకు సరిపడే పరిమితి పెడితే భన్సార్ సిబ్బందికి ఆ టోకు సరుకును పట్టుకునే తీరిక దొరుకుతుంది.