రెండో పుస్తకంతో మొదలుపెట్టి

ఒక నవలామాలికను మధ్యలో అందుకోవడంలో ఒక సుఖం ఉంది. రచయిత మన కోసం ఆగడు. పలకరింపులన్నీ ముందే అయిపోయిన పెళ్ళింటికి దూరపు చుట్టంలా వెళ్ళి, ఎవరు ఎవరికేమవుతారో మాటల సందున పోల్చుకోవాలి. జాన్ స్కాల్జీ రాసిన సైనిక వైజ్ఞానిక నవల ‘ద ఘోస్ట్ బ్రిగేడ్స్’ (2006) నేనలాగే చదివాను. దీనికి ముందుది ‘ఓల్డ్ మాన్స్ వార్’ (2005). పాత పుస్తకాల దుకాణంలో రెండోదే దొరికింది. మొదటిదాని కోసం ఆగాలనిపించలేదు. తిక్కనగారంతటి వారే భారతాన్ని విరాటపర్వం నుండి అందుకున్నారు, మనమెంత!

ఆ లోకపు కట్టుబాటు ఇది. భూమి మీద 75 ఏళ్ళు నిండిన వృద్ధులు వలస రాజ్యపు సైన్యంలో చేరితే వారికి కొత్త యౌవన దేహాలిస్తారు. ముందే పేరు నమోదు చేసుకుని, ఆ వయసు రాకుండానే కన్నుమూసినవారి డి.ఎన్.ఏ. కూడా వృథా పోదు. దాని నుండి ప్రత్యేక దళాల సైనికులను తయారుచేస్తారు. ఈ ‘దయ్యాల దళం’ వారు పుట్టడమే పెద్దవారుగా పుడతారు, బాల్యమన్నది ఎరుగరు. ఏ వస్తువును చూసినా దాని పేరూ అర్థమూ మెదడులోని యంత్రమే అందిస్తుంది. ఇంటిపేర్లు శాస్త్రవేత్తలవి: డిరాక్, సేగన్... ఇంటిపేరు కూడా సర్కారు సరఫరాయే అన్నమాట!

కథానాయకుడు జేరెడ్ డిరాక్ పుట్టుక మరీ విచిత్రం. చార్లెస్ బూటిన్ అనే శాస్త్రవేత్త శత్రువులతో చేతులు కలిపి మాయమవుతూ, తన చైతన్యపు ప్రతి ఒకటి యంత్రంలో వదిలిపోతాడు. అతని ద్రోహానికి కారణం తెలుసుకునేందుకు అతని దేహాన్నే మళ్ళీ పెంచి, అందులో ఆ ప్రతిని నింపుతారు. మనకు పరకాయప్రవేశం కొత్త కాదు గాని, ఇక్కడ ప్రవేశించవలసినవాడు రాడు. కళ్ళు తెరిచినవాడు మరెవరో. సరే, పనికిరాలేదు కదా అని అతణ్ణి మామూలు సైనికుడిగా దళంలోకి పంపేస్తారు.

నాబోటి కొత్త పాఠకుడికి ఇంతకంటె మంచి తోడు దొరకడు. జేరెడ్‌కు ఏది తెలియదో నాకూ అదే తెలియదు. మొదటి భాగం చదివి వచ్చినవారికి ఈ వీలు లేదు.

మా ఇంట నాకు తాతగారి పేరు పెట్టారు. ఆయన నేను పుట్టకముందే పోయారు. నడక ఆయనదే, కోపం ఆయనదే అని బంధువులు మురిసిపోతుంటే చిన్నతనంలో గర్వంగా ఉండేది. తరువాత్తరువాత కొంచెం ఇరుకుగా అనిపించసాగింది. నేను చేసిన మంచిపని కూడా ఆయన ఖాతాలోకే పోయేది. అందుకే, నల్లటి జెల్లీబీన్ మిఠాయి నోట వేసుకోగానే జేరెడ్‌కు తనది కాని జ్ఞాపకం పొంగుకొచ్చే ఘట్టం దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. జ్ఞాపకం బూటిన్‌ది. దుఃఖిస్తున్నది మాత్రం జేరెడ్. ఆ దుఃఖం ఎవరిదనాలి?

లోపాలు లేకపోలేదు. చివరిలో బూటిన్ మాటలు సంభాషణ హద్దు దాటి ఉపన్యాసమయ్యాయి. యుద్ధ ఘట్టాలను నేను గబగబా దాటేశాను. కాని ఓబిన్ అనే జాతి కల్పన ఒక్కటి చాలు. వారికి బుద్ధి ఉంది, ‘నేను’ అన్న ఎరుక లేదు. ఆ ఎరుక కోసమే వారు బూటిన్‌తో బేరం కుదుర్చుకుంటారు. అహంకారాన్ని పోగొట్టుకోమని తరతరాలుగా వింటున్న మనకు, దాన్ని యుద్ధం చేసైనా సంపాదించుకోవాలనుకునేవారిని చూస్తే వింతగా ఉంటుంది. జాలీ వేస్తుంది.

ముగింపు చెప్పను, చదవబోయేవారి కోసం. చివరి పుటల్లో జాన్ పెర్రీ అన్న పేరు వస్తుంది. పాత పాఠకులకు ఆప్తుడే గాని నాకు పేరు మాత్రమే. మొదటి నవలంతా అతని నోటనే సాగుతుందట. అదీ సంపాదించి, ఇప్పుడు చదువుతున్నాను. జేన్ సేగన్ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను. ఆమె ముందుముందు ఏమి చేయబోతోందో నాకు తెలుసు, పాపం పెర్రీకి ఇంకా తెలియదు.