డోడో జాడలో ఆక్స్‌ఫర్డ్

కాకినాడలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. అంతరించిన జీవుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా బోర్డు మీద డోడో పక్షి బొమ్మ గీసేవాణ్ణి. గంట కొట్టగానే డస్టర్‌తో తుడిచేసేవాణ్ణి. లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి "ఇక్కడ ఏం చూడాలని ఉంది నాన్నా?" అని అడిగితే, "ఆక్స్‌ఫర్డ్ తీసుకెళ్లు తల్లీ, డోడోను చూడాలి" అన్నాను.

పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంట ప్రయాణం. విశ్వవిద్యాలయమంటే మనకు ఒక గేటు, దాని లోపల క్యాంపస్. ఇక్కడ ఊరూ విశ్వవిద్యాలయమూ కలిసిపోయి ఉన్నాయి. ఏ వీధి మలుపు తిరిగినా తేనెరంగు రాతి గోడ ఎదురవుతుంది, అది ఏదో ఒక కాలేజీది. మేం చూసిన నాలుగు మ్యూజియాలకూ టికెట్ లేదు. ఎవరైనా లోపలికి నడిచి వెళ్లవచ్చు.

ముందు బ్రాడ్ స్ట్రీట్‌కు వెళ్లాం. ఆక్స్‌ఫర్డ్‌లో డోడో కథ మొదలైంది అక్కడే. 17వ శతాబ్దంలో జాన్ ట్రాడెస్కాంట్ అనే పేరుతోనే తండ్రీకొడుకులిద్దరు ఉండేవారు. ఇద్దరూ రాజుగారి తోటమాలులు. మొక్కల కోసం తిరుగుతూ దేశదేశాల వింత వస్తువులు పోగుచేసి, లండన్‌లోని లాంబెత్‌లో తమ ఇంట్లోనే ప్రదర్శనకు పెట్టారు. 1656లో అచ్చయిన వారి జాబితాలో మారిషస్ డోడో కూడా ఉంది. ఆ సేకరణ ఇలియాస్ ఆష్మోల్ చేతికి వచ్చింది, ఆయన దాన్ని విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. దానికోసం కట్టి 1683లో తెరిచిన భవనం ముందు మేమిప్పుడు నిలబడ్డాం.

ఇప్పుడది సైన్స్ చరిత్ర మ్యూజియం. ఆస్ట్రోలేబులూ పాత మైక్రోస్కోపులూ చూసుకుంటూ నేలమాళిగలోకి దిగితే, గోడకు ఒక నల్లబల్ల కనిపించింది. 1931 మే 16న ఐన్‌స్టీన్ ఈ ఊళ్లో ఉపన్యసిస్తూ దాని మీద విశ్వం సాంద్రత, వయసు లెక్కగట్టాడు. ఆ సుద్ద గీతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ రోజు ఎవరో దాన్ని తుడవనివ్వలేదు. జీవితమంతా రాసి తుడిచిన నాకు అక్కణ్ణుంచి కాలు కదల్లేదు.

ఆ పాత భవనంలో మొదలైన ఆష్మోలియన్ మ్యూజియం 19వ శతాబ్దంలో బ్యూమాంట్ స్ట్రీట్‌లోని పెద్ద భవనానికి మారింది. అక్కడ ట్రాడెస్కాంట్‌ల వస్తువులు ఇంకా ఉన్నాయి. వర్జీనియా ఆదివాసుల జింకచర్మం మీద చిన్న చిన్న గవ్వలు కుట్టి మనిషినీ, అటూ ఇటూ రెండు జంతువులనూ తీర్చారు. భారతదేశపు గదుల్లో తిరుగుతుంటే తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం సంగతి గుర్తొచ్చింది. మ్యూజియం దాన్ని 1967లో వేలంలో కొన్నది. అదే విగ్రహం తమిళనాడు గుడిలో ఉండగా 1957లో తీసిన ఫోటో ఒకటి తర్వాత బయటపడింది. ఆ సంగతిని మ్యూజియమే భారత ప్రభుత్వానికి తెలియజేసింది. తిరిగి ఇచ్చేందుకు 2024లో విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. ఎవరో ఒక ఫోటోను జాగ్రత్తగా దాచబట్టే ఆళ్వారుకు ఇంటిదారి తెలిసింది.

మధ్యాహ్నం పార్క్స్ రోడ్డులోని నేచురల్ హిస్టరీ మ్యూజియం చేరాం. ఇనుమూ గాజూ కలిపి కట్టిన కప్పులోంచి వెలుగు ధారగా పడుతోంది. చుట్టూ ఉన్న స్తంభాలు ఒక్కొక్కటి ఒక్కో రకం బ్రిటిష్ రాయి. స్తంభాల తలలు చెక్కిన ఐరిష్ శిల్పులు బొటానిక్ గార్డెన్ నుంచి పచ్చి మొక్కలు తెప్పించుకుని, వాటిని చూస్తూ ఉలి పట్టారట. ఆకు అంచుల మడత కూడా రాతిలో కనిపిస్తుంది. డార్విన్ పుస్తకం వచ్చిన ఏడు నెలలకు, 1860 జూన్ 30న, హక్స్‌లీ, బిషప్ విల్బర్‌ఫోర్స్ పరిణామవాదం మీద వాదులాడుకున్నది ఈ భవనంలోనే. పరిణామం పాఠం చెప్పిన ప్రతి మాస్టారికీ ఇది పుణ్యక్షేత్రం.

డోడో అద్దాల పెట్టెలో ఉంది. అస్థిపంజరం, పక్కనే ఈకలతో చేసిన నమూనా. ట్రాడెస్కాంట్‌ల పక్షి కాలక్రమంలో పాడైపోగా తల, ఒక పాదం మాత్రం మిగిలాయి. ప్రపంచంలో చర్మంతో సహా మిగిలిన డోడో ఇదొక్కటే. అందుకే అసలు తలను లోపల భద్రంగా ఉంచి, జనం చూడటానికి అచ్చుపోసిన ప్రతిని పెట్టారు. నాకు అదే చాలు. కొక్కెంలా వంగిన ముక్కు, బోసి ముఖం. నేను ముఖం నిండా ఈకలు గీసేవాణ్ణి!

అరచేతికి కాస్త మించిన ఆ తల ఎంత చెప్పింది! డోడో పావురాల కుటుంబానిదని 1848లో స్ట్రిక్‌లాండ్, మెల్విల్ తమ గ్రంథంలో నిరూపించడానికి ఆధారాల్లో ఇదొకటి. 2002లో ఈ అవశేషాల డీఎన్‌ఏ చూసి, బతికున్న పక్షుల్లో దీనికి అతి దగ్గరి చుట్టం నికోబార్ పావురమని తేల్చారు. మన దీవుల పక్షే! 2018లో స్కాన్ చేస్తే తల వెనుక సీసపు గుళ్లు బయటపడ్డాయి. దాన్ని ఎవరో కాల్చి చంపారు. దాచినవాళ్లకు డీఎన్‌ఏ తెలియదు, స్కానింగ్ తెలియదు. ఎప్పుడో ఎవరో అడగబోయే ప్రశ్న కోసం దాచారు.

మారిషస్ అంటే మా కాకినాడ వాళ్లకు పరాయి నేల కాదు. 19వ శతాబ్దంలో మా పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనుమలూ మునిమనుమలూ అక్కడ ఇప్పటికీ ఉగాది చేసుకుంటున్నారు. వాళ్లు అడుగుపెట్టేనాటికే ఆ దీవిలో డోడో లేదు.

వెనుక తలుపులోంచి వెళితే పిట్ రివర్స్ మ్యూజియం. 1884లో మొదలైంది, ఇప్పుడు ఐదు లక్షలకు పైగా వస్తువులున్నాయి. దేశాలవారీగా కాక రకాలవారీగా పేర్చారు. లోకంలోని వేణువులన్నీ ఒకచోట, తాయెత్తులన్నీ ఒకచోట. నన్ను కట్టిపడేసినవి చీమతలకాయలంత అక్షరాలతో చేత్తో రాసిన చీటీలు. వస్తువు ఏమిటి, ఏ ఊరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు. ఆ నాలుగు ముక్కలు లేకపోతే ఎంత గొప్ప వస్తువైనా మూగదే.

మళ్లీ డోడో దగ్గరికి వచ్చి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. అమ్మాయి దగ్గర కాగితం, పెన్సిల్ తీసుకుని ఈసారి చూస్తూ గీశాను, బోసి ముఖంతో. కింద డోడో అని రాసి, ఊరు పేరు, తేదీ వేశాను. తను ఆ కాగితాన్ని మడవకుండా పుస్తకం మధ్యలో పెట్టుకుంది.