మిరపనారునకు ఎండ మప్పుట

గుంటూరు, పల్నాటి సీమల నల్లరేగడులలో మిరప నాటదలచిన రైతు, వానలు మొదలైన పిదప ఎత్తు మళ్ళు కట్టి, విత్తు చల్లి, పైని ఎండుగడ్డి పరచి, మొలక కనబడగనే ఆ గడ్డిని తొలగించి, నీడపందిరి క్రింద ఆ లేతనారును కంటికి రెప్పవలె సాకుచుండును. అయినను, ఇంత మక్కువతో పెంచిన నారును పీకుటకు వారము పది దినములు ముందుగా ఆతడే నీరు తగ్గించి, నత్రజని ఎరువు మాని, పందిరి కప్పును తొలగింప నారంభించును. ఈ కాఠిన్యమునందే కృషీవలుని కరుణ యంతయు నిమిడి యున్నదని నేను తలంచుచున్నాను.

నీడలోను, ఎడతెగని తేమలోను పెరిగిన మొక్కకు కాండము నిడుపై బలహీనమగును. ఆకు పలుచనై, దానిపై మైనపుపూత చాలకుండును. ఎండ ముదిరిన వేళ పత్రరంధ్రములు తగినంత త్వరగా మూసికొనవు. పీకునపుడు సన్నని వేళ్ళు తెగి, నీరు తోడు శక్తి సన్నగిల్లిన ఆ క్షణముననే ఎండయు గాలియు ఆకులలోని నీటిని హరించుటచే, అట్టి నారు నాటిన పూటనే తల వాల్చును. క్రమముగా బెట్టకు అలవడిన నారో, పెరుగుదల తగ్గించుకొని, ఆకు వండిన చక్కెరలను కూడబెట్టుకొని, క్రొత్తవేళ్ళు తొడుగుటకు వానిని వెచ్చించును.

కావున కప్పును తొలుత ఉదయపు లేయెండకు మాత్రమే తీసి, రెండు మూడు దినములకు మధ్యాహ్నము వరకును, తుదకు పగలంతయు తెరచి యుంచవలెను. మిట్టమధ్యాహ్నము కొంచెము వడలి, సాయంకాలమునకు తానే తేరుకొన్న నారునకు భయము లేదు; తెల్లవారుజామున సైతము వడలి యున్నచో వెంటనే తడి పెట్టవలెను. బెట్ట మితిమీరెనా, నారు గిడసబారి పొలమునకు చేరిన తరువాతను త్వరగా కోలుకొనదు. పీకుటకు ముందు మడిని బాగుగ తడిపి, చల్లని సాయంవేళ నాటుటయు ఈ విధానములోని భాగమే. నేడు షేడ్‌నెట్ల నీడను, చిన్నగుంటల పళ్ళెములగు ప్రోట్రేల కొబ్బరిపొట్టులో పెంచు నారునకు వేళ్ళు తెగు బాధ తగ్గినదే కాని, ఎండ మప్పవలసిన యగత్యము తీరలేదు.

నీరు పోయుటకు దయ యొక్కటి చాలును. నీరు ఆపుటకు దయతోపాటు ఎడతెగని పరిశీలనము కావలయును. ఎంత కష్టము బలమిచ్చునో, ఎంత కష్టము కృశింపజేయునో ఏ గ్రంథమును సరిగా కొలిచి చెప్పజాలదు; ప్రతిదినము గట్టున నిలిచి ఆకును చూచువానికే అది తెలియును. ఆ చూపు గలవాని చేతి నారే పరాయి మట్టిలో నిలదొక్కుకొనును.